మిరియాల వర్తకం – ‘తుహ్ఫతుల్ ముజాహిదీన్’ సాక్ష్యం

1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను జయించి తూర్పు వర్తకమార్గాలను మూసివేసినందువల్లనే ఐరోపావారు సముద్రమార్గాన్ని వెదకవలసివచ్చిందని పాఠ్యపుస్తకాలు తరచు చెబుతుంటాయి. ఈ వాదం కాలక్రమం ముందు నిలువదు. పోర్చుగీసువారు సియూటాను ఆక్రమించినది 1415లో. ఆఫ్రికా తీరం వెంబడి వారి అన్వేషణ 1453కు ముందే ఆరంభమైనది. పైగా మిరియాలు ఐరోపాకు చేరిన ముఖ్య ద్వారాలు అలెగ్జాండ్రియా, బీరూట్ రేవులు. అవి 1516-17 వరకు మమ్లూక్ సుల్తానుల ఏలుబడిలోనివి. వెనిస్ వర్తకులు అక్కడ సరుకు కొంటూనే ఉన్నారు. మూతపడని తలుపును తురుష్కులు మూసినారనడం ఎంతవరకు న్యాయం?

అసలు కారణాన్ని 16వ శతాబ్దంలోనే పొన్నానికి చెందిన షేఖ్ జైనుద్దీన్ మఖ్దూమ్ తన అరబీ గ్రంథం ‘తుహ్ఫతుల్ ముజాహిదీన్’లో సూటిగా చెప్పినారు. మధ్యవర్తుల చేతులు మారి వచ్చే మిరియాలను కొనలేక, అవి పండే దేశాన్నే వెదకి ఆ వర్తకాన్ని తమ గుత్తసొత్తుగా చేసుకోవడానికే పోర్చుగీసువారు మలబారుకు వచ్చినారని ఆయన నిర్ణయం. 1498లో వాస్కోడగామా రాకతో మొదలైన ఈ కథనం 1583 వరకు సాగుతుంది. మిరియాలు, అల్లం వర్తకం ముస్లిములకు నిషేధించడం, తమ అనుమతిపత్రం లేని ఓడలను పట్టుకోవడం, హజ్ యాత్రకు అడ్డుతగలడం – ఇవన్నీ ఇందులో నమోదైనవి.

గ్రంథానికి పరిమితులు లేకపోలేదు. మలబారు తీరమే గ్రంథకర్త దృష్టికి కేంద్రం. వెనిస్, కైరోల లాభాలు, సుంకాల లెక్కలు ఇందులో వెదకరాదు. ముస్లిముల కృతఘ్నతకు దైవశిక్షగా ఈ విపత్తు వచ్చిందని ఆయన భావించినారు. అయితే ఆ విశ్వాసం ఆయన కళ్ళకు గంతలు కట్టలేదు. శత్రువు స్వార్థాన్ని చూచిన కన్నే స్వజనుల లోపాన్నీ చూచింది. పరిసర ముస్లిం సుల్తానులు, అమీరులు ఉదాసీనులై ఉండగా, హిందూ రాజైన కాలికట్ జామొరిన్ తన ధనాన్ని వెచ్చించి పోరాడినాడని ఆయన నిస్సంకోచంగా వ్రాసినారు. 1571లో చాలియం కోట జామొరిన్ వశమైన ఘట్టాన్ని సంతోషంతో వర్ణించినారు. బీజాపూరు సుల్తాన్ అలీ ఆదిల్‌షాకు అంకితమైన గ్రంథంలో ఈ మాట వ్రాయడానికి ధైర్యం కావాలి.

ఐరోపా నావికుల సాహసాన్ని కాదననక్కరలేదు. కాని ఆ సాహసానికి మూల్యం చెల్లించినవారి సాక్ష్యం కూడా చరిత్రే. మహమ్మద్ హుస్సేన్ నైనార్ ఆంగ్లానువాదం 1942లోనే మద్రాసులో వెలువడినది. తురుష్కులపై మోపిన నింద మన పిల్లల పాఠాలలో కొనసాగుతూ ఉండగా ఇట్టి గ్రంథం పరిశోధకుల బీరువాలకే పరిమితం కావడం విచారకరం.