ఆరు కుర్చీలకు

ఓ నా ఆరు కుర్చీలారా! ఒకే టేకు దూలం కడుపున పుట్టి, ఒకే వడ్రంగి చేతి కింద పెరిగి, ఒకే వార్నీషు తొడుక్కుని, కవాతుకు నిలిచిన నేవీ కుర్రాళ్ళలా భోజనాల బల్ల చుట్టూ బిగుసుకున్న తోబుట్టువులారా! చాలు, ఇక ఆ యూనిఫారం విప్పండి.

గరుకు కాగితం కదిలితే మీ ఒంటి మీంచి బంగారు పొడి రాలుతోంది. ఉప్పుగాలి తిన్న మేకు తల చుట్టూ పాకిన తుప్పు మరక, కాలి మడమ దగ్గర వెంట్రుకవాసి చీలిక, ఎవరి మోచేతి కిందో అరిగి నునుపెక్కిన అంచు... ఎన్ని దాచుకున్నారు, తల్లులూ! మీరంతా ఒక్కలాగే ఉన్నారన్నదెవరు?

మన విశాఖ రేవు మొగ దగ్గర చూడండి. ఒకే రాతి వరసలో మూడు కొండలు. ఒకదాని నెత్తిన వెంకన్న గుడి, ఒకదాని నెత్తిన మేరీమాత చర్చి, ఒకదాని నెత్తిన ఇసాక్ మదీనా బాబా దర్గా. వినే అలల హోరు ఒకటే, ఎదుట డాల్ఫిన్ నోస్ ఒకటే, ఎవరి పిలుపు వారిది. ఉక్కు ఫ్యాక్టరీలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. అంకెలు వేసి ఊరుకోవచ్చు కదా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు! ఇనుము కరిగించే నిప్పులగుండానికి అన్నపూర్ణ అని పేరు పెట్టిన ఊళ్ళో, అన్నం తినే చోట మీకు తలో రూపూ లేకపోతే ఎలా?

పెద్దదానా, నీకు ఆ గుండం నోట జారే కరుగు లోహపు కాషాయం. రెండోదానా, నీకు జాలరి పడవల పచ్చనీలం. మూడోదానికి పేము అల్లిక, ఎనిమిది మూలల కళ్ళలోంచి గాలి తొంగిచూసేలా. నాలుగోదానికి పొందూరు ఖద్దరు దిండు.

ఐదోదానా, నా గారాలపట్టీ! నీ వీపు చువ్వలు ఏటికొప్పాక నుంచి. అక్కడ వరాహనది ఒడ్డున, గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రను కౌగిలించుకుంటుంది. పసుపుకొమ్ము పసుపు, నీలిమందు నీలం, జాఫ్రా గింజ నారింజ, ఆపైన మొగలి ఆకు ఒరిపిడికి తళతళ. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల రంగుకు నీ వీపే సింహాసనం. అంకుడు మెత్తన, బరువు మోయదు. అందుకే కాళ్ళు మాత్రం టేకువే ఉంచాను.

ఆరోదానా, నీకు ఏ రంగూ లేదు, కాస్త నూనె రుద్దానంతే. పుట్టింటి పోలిక ఒకరిలోనైనా కనబడాలి.

ఊరంతా తిరిగి తలో కుర్చీ పట్టుకొస్తే అది సంత. మీది వావి ఉన్న వైవిధ్యం: ఎత్తు ఒకటే, నడుము వంపు ఒకటే, నేల మీద జరిపితే కీచుమనే గొంతూ ఒకటే!

ఇక పిల్లలు కొట్టుకుంటారు, లక్క కుర్చీ నాదంటే నాదని. కొట్టుకోనీ. ఇన్నేళ్ళలో మిమ్మల్ని కోరి ఎంచుకున్నవాళ్ళు ఉన్నారా!