పెరటి మంచె

మొక్కజొన్న కండె ఎప్పుడు కోతకొస్తుందో నాకంటే ఒక రోజు ముందే ఒక జంతువుకు తెలుస్తుంది. ఈ సంగతి నాకు అర్థమై ఈ ఆగస్టుకు మూడేళ్లు.

ఆ ఏడాది న్యూజెర్సీలో మా ఇంటి వెనక నాలుగు చాళ్లలో 40 మొక్కలు వేశాను. ఇక్కడ మే రెండో వారం దాటితే గానీ మంచు భయం తీరదు, అందుకే గోంగూరైనా బీరపాదైనా మొక్కజొన్నయినా ఆ తర్వాతే. ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం ఒక కండె పైపొర జరిపి గింజను గోటితో గిల్లాను. పాలు చిమ్మాయి. పొద్దున్నే కోసి, బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మరసం రాసి పిల్లలకు పెడదామని పడుకున్నాను.

తెల్లారి చూస్తే మూడు చాళ్లు నేలమీద వాలిపోయి ఉన్నాయి. పంది పడి తొక్కేసిన చేనులా లేదు. ఆకుపొరల్ని ఒక్కొక్కటే కిందికి ఒలిచి, నాలుగు కొరుకులు తిని, ఆ కండె వదిలేసి ఇంకోటి పట్టుకున్న తీరు అది. మనిషి కూర్చుని ఒలిచినట్టే ఉంది. తడి మట్టిలో అచ్చులు కనిపించాయి. ఐదు వేళ్లు, సన్నటి అరచెయ్యి. పారాడే పసిపాప ఆ దారిన వెళ్లినట్టుంది. అంత కోపంలోనూ ఆ అచ్చుల దగ్గర కాసేపు కూర్చుండిపోయాను.

అది రాకూన్. మన వైపు లేని జంతువు. పిల్లి కంటే పెద్దది, కళ్లకు అడ్డంగా నల్లటి పట్టీ, తోకకు నల్లని వలయాలు. మామూలుగా నాలుగు నుంచి తొమ్మిది కిలోలుంటుంది, తిండి దొరికితే ఇంకా పెరుగుతుంది. పగలు చెట్టు తొర్రలోనో, అటక మీదో పడుకుని చీకటి పడ్డాక బయల్దేరుతుంది. ఆ పేరు వర్జీనియా తీరంలో పౌహాటన్ జాతి వాళ్లు మాట్లాడిన భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. చేతులతో గీరేది అని దానికి అర్థం చెబుతారు. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దాన్ని ఎలుగుబంట్ల వంశంలో కలిపేసి, కడిగేది అనే అర్థంలో 'లోటర్' అన్నాడు. తిండిని నీళ్లలో ముంచి తడమడం దాని అలవాటు. శుభ్రం కోసం కాదు. ఏటి ఒడ్డున నీళ్లలో వేళ్లు పెట్టి ఎండ్రకాయల్ని వెతుక్కునే బతుకు దానిది. పాదం తడిస్తే స్పర్శ ఇంకా పదునెక్కుతుంది. దాని మెదడులో స్పర్శ కోసం ఉన్న భాగంలో పెద్ద వాటా ఆ ముందరి పాదాలదే. అది చేత్తో చూస్తుందని చెప్పుకుంటే తప్పు కాదు.

ఆ చేతికి జ్ఞాపకం కూడా ఎక్కువే. 1907లో అచ్చయిన, డేవిస్ అనే పరిశోధకుడి అధ్యయనంలో రాకూన్లు 13 రకాల గడియల్లో 11 తీశాయి, అదీ పది ప్రయత్నాల లోపే. నేను తోట తలుపుకు వేసిన ఇనుప కొక్కెం వాటికి ఏపాటిది!

తర్వాతి ఏడాది వేసవికి నాన్న వచ్చారు. పల్నాడు రైతు. చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద కూర్చుని పిట్టల కాపలా కాసిన మనిషి. సంగతంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "ఎటు నుంచి వస్తోంది, అమ్మాయ్?"

నాకు తెలియదు. అప్పటిదాకా నేను చేసినవన్నీ దాన్ని బెదరగొట్టే పనులే. రాత్రంతా రేడియో పెట్టాను. కదలిక పసిగట్టి వెలిగే దీపం పెట్టాను. ఎండుకారం చల్లాను. మూణ్నాలుగు రాత్రులు పనిచేసి ఆగిపోయాయి. వాటి వల్ల దెబ్బ లేదని అది తెలుసుకుంది.

నాన్న, నేను రెండు రాత్రులు వెనక వరండాలో దీపం ఆర్పి కూర్చున్నాం. రెండో రాత్రి పదకొండు దాటాక కంచె మీద నుంచి దిగింది. వెనకే మూడు పిల్లలు. ఇక్కడ ఇవి ఏప్రిల్, మే నెలల్లో ఈనుతాయి. మొక్కజొన్న పాలు పట్టే వేళకు పిల్లలు తల్లి వెంట తిరిగే వయసుకొస్తాయి. తల్లి మొక్క కాండాన్ని రెండు చేతులా పట్టుకుని వంచింది. పిల్లలు చూస్తున్నాయి. నాన్న గట్టిగా ఒక కేక వేశారు, నలభై ఏళ్ల కిందటి మంచె కేక. నాలుగూ తలెత్తి చూశాయి. వెళ్లాయి గానీ పరిగెత్తలేదు.

ఆ రాత్రే నాన్న వడిసెల సంగతి చెప్పారు. "రాయి పిట్టకు తగలకూడదు, దాని పక్కన పడాలి. తగిలిన పిట్ట చచ్చిపోతుంది, మిగిలిన గుంపుకు ఏమీ తెలియదు. పక్కన పడితే గుంపంతా లేస్తుంది." కాపలాను గురించి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

బోను పెట్టి పట్టి, దూరంగా అడవిలో వదిలేద్దామని అంతకుముందు అనుకున్నాను. చాలామంది అదే అనుకుంటారు. అది తప్పు. వేసవిలో తల్లిని ఎత్తుకుపోతే తొర్రలో ఉన్న పసికూనలు ఆకలికి చస్తాయి. అంతకంటే పెద్ద చరిత్ర కూడా ఉంది. 1970ల చివర్లో వేట కోసమని ఫ్లోరిడా వైపు రాకూన్లను పట్టి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా కొండల్లో వదిలారు. వాటితోపాటే రేబిస్ వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అది అక్కడి నుంచి ఊరూరూ పాకి 1989 నాటికి మా న్యూజెర్సీ చేరింది. బండిలో వేసి దూరంగా వదిలిన కొన్ని జంతువుల మూలంగా తూర్పు తీరమంతా ఇప్పటికీ జాగ్రత్తగా ఉండాల్సి వస్తోంది. అందుకే చాలా రాష్ట్రాల్లో ఇలా తరలించడాన్ని చట్టం ఒప్పుకోదు. పట్టపగలు తూలుతూ తిరిగే రాకూన్ కనబడితే దగ్గరికి వెళ్లకుండా ఊరి జంతు విభాగానికి ఫోన్ చేయాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇవి ఒకే చోట మలవిసర్జన చేస్తాయి, చెట్టు మొదట్లోనో, దుంగ మీదో, వరండా చెక్కల మీదో. అందులో ఒక రకం ఏలికపాము గుడ్లుంటాయి. అవి మనిషి కడుపులోకి వెళితే పురుగు మెదడు దాకా పోయే ప్రమాదం ఉంది. మట్టిలో ఆడుకుని వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలకు మరీ ప్రమాదం. ఆ గుడ్లు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ అంటుకునే స్థితికి రావు, కాబట్టి కనబడగానే చేతి తొడుగులు వేసుకుని తీసేయాలి. బ్లీచింగ్ వాటిని చంపదు, సలసల మరిగే నీళ్లు చంపుతాయి.

మరి చేను దక్కేదెలా? రెండు తీగల కంచె. ఒకటి నేల నుంచి ఆరు అంగుళాల ఎత్తున, రెండోది పన్నెండు అంగుళాల ఎత్తున. వాటిలో కరెంటు. ఈ మాట వినగానే నాన్న ముఖం మారిపోయింది. మన ఊళ్లలో అడవి పందుల కోసం స్తంభం మీది లైను నుంచి నేరుగా తీగ లాగి కట్టడం, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి దానికి బలవడం ఆయనకు తెలుసు. "మన ఇంట్లో ఆ పని వద్దు" అన్నారు.

ఇది అది కాదని పెట్టె విప్పి చూపించాను. దీనికి ఎనర్జైజర్ ఉంటుంది. కరెంటు ఎడతెగకుండా పారదు, సెకనుకు ఒకసారి చొప్పున రెప్పపాటు కంటే తక్కువసేపు తగిలి ఆగిపోతుంది. పట్టేసుకోదు, విదిలిస్తుంది. నేనే వేలు తగిలించాను. మోచేతి దాకా చురుక్కుమంది, అంతే. నాన్న చాలాసేపు ఆ తీగ వంక చూశారు. "రాయి పక్కన పడేసినట్టే" అన్నారు.

అది చేత్తో చూసే జంతువు. దీపంతో దాని కంటికీ, రేడియోతో దాని చెవికీ చెప్పి ఓడిపోయాను. తీగ మాత్రం తడిసిన ఆ చేతికే చెబుతుంది, అందుకే మాట నాటుకుంటుంది. కాకపోతే వేళ తప్పకూడదు. పీచు కనిపించిన 18 నుంచి 20 రోజులకు కండె పాలు పడుతుంది. రుచి తెలిశాక తీగ కడితే దాటడానికి ఏదో ఉపాయం వెతుకుతుంది. అందుకే రెండు వారాల ముందే కట్టాలి, చీకటి పడకముందే స్విచ్ వేయాలి. తీగ కింద గడ్డి పెరిగి తాకితే కరెంటు నేలకు దిగిపోతుంది, కాబట్టి గడ్డి ఎప్పటికప్పుడు కోస్తుండాలి. నాన్న ఆ పని రోజూ కొడవలితో చేశారు. ఆ ఏడు 40 మొక్కల పంటా ఇంటికి చేరింది.

ఈ ఏడు నాన్న రాలేదు. సోమవారం పీచు కనబడింది. మంగళవారం నేనొక్కదాన్నే తీగ లాగి మేకులు కొట్టాను. బుధవారం రాత్రి వాన. గురువారం పొద్దున తడి మట్టిలో అచ్చులున్నాయి. పెద్ద చెయ్యి ఒకటి, పక్కన చిన్నవి. తీగ దాకా వచ్చి, దాని వెంబడే మూల దాకా నడిచి, వాగు వైపు తిరిగిపోయాయి.

ఫొటో పంపాను. నాన్న వెంటనే ఫోన్ చేశారు. "అవతలి మూల గడ్డి పెరిగినట్టుంది అమ్మాయ్, ఇవాళే కోసెయ్."