డెల్కో విప్పకముందు

‘భాయ్, బండి లాగట్లేదు. ఒకసారి టైమింగు చూడు.’ పాత అంబాసిడర్‌ను షెడ్డుకు తెచ్చినవాడు సాధారణంగా ఇలాగే మొదలుపెడతాడు. నరసరావుపేటైనా, గురజాలైనా, మాచర్లైనా రోగమూ మందూ రెండూ ఓనరే చెప్పేస్తాడు. పని తెలిసిన మేస్త్రి ఆ మాట విని బానెట్ ఎత్తడు. బండి వెనక్కి వెళ్లి చక్రాల మధ్యలో, డ్రమ్ము దగ్గర అరచెయ్యి ఆనిస్తాడు. ఒక పక్క గోరువెచ్చగా, రెండో పక్క చెయ్యి పెట్టలేనంతగా ఉంటే ఇంజిన్ జోలికి వెళ్లే పనే లేదు. ఇంజిన్ ముందుకు లాగుతూనే ఉంది, వెనక బ్రేకు పట్టేసి వదలడం లేదు, అంతే.

పాత కార్ల మరమ్మతులో అసలు విద్య ఇదేనని నా అభిప్రాయం. స్పానర్ తిప్పడం ఆరు నెలల్లో వస్తుంది. ఏది విప్పకూడదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. ‘లాగట్లేదు’ అనే ఒక్క ఫిర్యాదుకు ముందున్న డెల్కో కారణం కావచ్చు, వెనకున్న బ్రేకు షూ కారణం కావచ్చు. రెంటినీ విడదీయకుండా టైమింగు మార్చితే, ఉన్న జబ్బు అలాగే ఉంటుంది, లేని జబ్బు ఒకటి తోడవుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్ తయారుచేశారు. దాని మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. చాలాకాలం నడిచిన పెట్రోలు ఇంజిన్ 1489 సీసీది. 1980 ప్రాంతంలో డీజిల్‌ది వచ్చాక ట్యాక్సీ స్టాండ్లన్నీ దాని వైపు తిరిగాయి. పెళ్లిళ్లకు, ఎన్నికల ప్రచారాలకు, కోటప్పకొండ తిరునాళ్లకు, ఆస్పత్రులకు పోవడానికి అప్పట్లో ఊరిమీద అదే కారు. ఈ నేల కూడా దానికి మంచి పరీక్షే పెట్టింది. ఎండాకాలంలో రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ కాసిన ఊరుగా రెంటచింతల పేరు పేపర్లలో వస్తూనే ఉంటుంది. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలు. ఆ పొడి డ్రమ్ముల్లో దూరితే షూలకూ డ్రమ్ముకూ మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

చెయ్యి పెట్టి చూశాక రెండో పరీక్ష రోడ్డు మీద. చదునైన చోట నలభై వేగం అందుకుని, న్యూట్రల్ చేసి వదిలేస్తారు. బండి దూరం దాకా దొర్లుకుంటూ పోతే చక్రాలు స్వేచ్ఛగా ఉన్నట్టు. అప్పుడు ఇంజిన్‌ను అనుమానించొచ్చు. కొంచెం దూరానికే ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోతే వెనక్కి చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు, బోల్టు విప్పక్కర్లేదు.

బండి దొర్లింది, లాగడం మాత్రం లేదు అనుకుందాం. అప్పుడు బానెట్ ఎత్తాలి. అయినా వెంటనే డెల్కో బోల్టు వదులు చేయకూడదు. మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అంటారు. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే, ఎప్పుడు పంచాలో నిర్ణయించేదీ అదే. పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందే నిప్పురవ్వ పడాలి. మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురు తంతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గోలీలు దొర్లినట్టు వినిపించే నాకింగ్ దానివల్లే. ఆలస్యంగా పడితే బండి మొద్దుబారిపోతుంది, రేడియేటర్ మరుగుతుంది, వదిలిన ఆక్సిలరేటర్‌కు సైలెన్సర్‌లో టపాసు పేలుతుంది.

ఇక్కడ వరస తప్పకూడదు. ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల గ్యాప్, తర్వాత డెల్కోలోని పాయింట్ల గ్యాప్, ఆ తర్వాతే టైమింగు, అన్నిటికీ చివర కార్బురేటర్. ట్యాపెట్లకు ఒక చక్కటి లెక్క ఉంది, తొమ్మిది లెక్క అంటారు. ఎనిమిది వాల్వుల్లో ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది. కూడితే తొమ్మిది రావాలి. పుస్తకం ముట్టని హెల్పర్‌కు కూడా ఒక్క పూటలో వచ్చేస్తుంది.

పాయింట్ల గ్యాప్ టైమింగు కంటే ముందు ఎందుకంటే, గ్యాప్ మారితే టైమింగు దానంతటదే మారుతుంది. పాయింటు అడుగున కేమ్‌ను రాసుకునే చిన్న ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగు వెనక్కి జారుతుంది. ఎవరూ ముట్టకుండానే టైమింగు ‘పోయింది’ అంటే చాలాసార్లు కారణం ఇదే. అది చూడకుండా డెల్కోను తిప్పి సర్దినవాడు, రేపు ఎవరో కొత్త పాయింట్లు వేసేసరికి బండి నాకింగ్ కొట్టేట్టు చేసి పెట్టినట్టే. గ్యాప్ పదిహేను థౌ. అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. ఫీలర్ గేజ్ లేని షెడ్లలో ప్లగ్గు గ్యాప్‌కు హాక్సా బ్లేడు దూర్చి చూస్తారు. దాని మందం పాతిక థౌ ఉంటుంది కాబట్టి ప్లగ్గుకు సరిపోతుంది. పాయింట్లకు ఆ బ్లేడు పనికిరాదు.

ఇక టైమింగు పెట్టడం. ఒకటో ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, హ్యాండిల్‌తో ఇంజిన్‌ను మెల్లగా తిప్పిస్తారు. గాలి వేలిని తోసుకుని వస్తే కంప్రెషన్ మీద ఉన్నట్టు. ఈ మాట పట్టించుకోనివాళ్లే డెల్కోను సగం తిప్పి బిగించి, బండి ఎందుకు ఎత్తుకోదో తెలియక రోజంతా ప్లగ్గు వైర్లు మారుస్తుంటారు. పుల్లీ మీది గాడి టైమింగ్ కవర్ మీది ముల్లుకు ఎదురుగా వచ్చాక ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేస్తారు. డెల్కో పక్క టెర్మినల్‌కు ఒక వైరు, బాడీకి ఒక వైరు పెట్టి మధ్యలో పన్నెండు వోల్టుల చిన్న బల్బు. డెల్కోను రోటార్ తిరిగే దిక్కుకు ఎదురుగా వెంట్రుకవాసి కదిలిస్తూ పోతే ఒకచోట బల్బు వెలుగుతుంది. పాయింట్లు తెరుచుకుని నిప్పురవ్వ పడేది అక్కడే. అక్కడే బిగించాలి. ఒకటి, మూడు, నాలుగు, రెండు — వైర్లు ఈ వరసలో, రోటార్ తిరిగే దిక్కున.

హ్యాండిల్ పట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. బొటనవేలు హ్యాండిల్‌ను చుట్టకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి. టైమింగు ముందుకు పోయిన ఇంజిన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.

బల్బు చెప్పింది సగం మాటే. పుల్లీ ఏ బండి నుంచి తెచ్చి వేశారో, టైమింగ్ చైన్ ఎంత సాగిందో బల్బుకు తెలియదు. అందుకే చివరి తీర్పు రోడ్డుది. టాప్ గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, చిన్నగా నాకింగ్ వినిపించి వేగం అందుకోగానే మాయమవ్వాలి. ఆగకుండా కొడితే కొంచెం వెనక్కి తిప్పాలి. అసలు వినిపించకపోతే, బండి మొద్దుగా ఉంటే ముందుకు. రెంటచింతల ఎండల్లో కాస్త వెనక్కి ఉంచడమే మేలు. వేడికి నాకింగ్ తొందరగా మొదలవుతుంది. మధ్యాహ్నం ఆగిపోయి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయగానే స్టార్టయిన బండికి మాత్రం టైమింగు ముట్టనక్కర్లేదు. పెట్రోలు ఆవిరై పైపులో ఆ ఆవిరి బుడగ అడ్డుపడింది, అంతే. డీజిల్ బండికి పాయింట్లూ స్పార్క్ ప్లగ్గులూ లేవు. అక్కడ టైమింగు అంటే పంపు టైమింగు, అది వేరే చేతుల పని.

ఇప్పుడు వెనక చక్రం. ఇక్కడ నాకు షెడ్ల మీద కొంచెం కోపం ఉంది. బ్రేకు పట్టేసిందనగానే షూలు మార్చేస్తారు. షూ పాపం ఏం చేసింది? చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పి చూసి, బ్లీడింగ్ నిపుల్ ఒక్క చుట్టు వదులు చేస్తే సంగతి తేలుతుంది. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే, లోపల ఒత్తిడి బిగుసుకుని ఉందన్నమాట. వదులు కాకపోతే హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పుపట్టిందో, స్ప్రింగు తెగిందో, సిలిండర్ పిస్టన్ బిగిసిందో. ఒక్క చక్రమే పట్టేస్తే ఆ చక్రంలోనే వెతకాలి. వెనక రెండూ పట్టేస్తే యాక్సిల్ మీదికి దిగే రబ్బరు గొట్టాన్ని చూడాలి. పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల ఉబ్బి మూసుకుపోతుంది. తొక్కిన కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతుంది, తిరిగి రావడానికి దానికి అంత బలం లేదు. నాలుగు చక్రాలూ పట్టేస్తే మాస్టర్ సిలిండర్ దగ్గర పుష్ రాడ్‌కు ప్లే లేకుండా ఎవరో బిగించి ఉంటారు.

రబ్బరు ఉబ్బడానికి తరచు కారణం మన చేతులే. వీల్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లను పెట్రోలుతో కడిగినా, బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజిన్ ఆయిల్ పోసినా ఉబ్బి కూర్చుంటాయి. వాటిని బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

డ్రమ్ము లోపల తడి కనిపిస్తే ముందు వాసన చూడాలి. వాసన ఘాటుగా, గంధకంలా ఉంటే గేరాయిల్, యాక్సిల్ సీలు దాటి వచ్చింది. సీలు మార్చి ఊరుకుంటే నెలలో మళ్లీ కారుతుంది. యాక్సిల్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది. మట్టితో పూడుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ను సీలు మీదికి నెడుతుంది. మన దుమ్ములో అది పూడకుండా ఉంటేనే వింత. గేరాయిల్ తాగిన లైనింగులను మంటలో కాల్చి మళ్లీ వేసే అలవాటు ఉంది. డబ్బు మిగులుతుంది, నిజమే. కాలింది పైపొరే, లోపలి నూనె వేడికి మళ్లీ ఊరుతుంది. ఆ చక్రం జారుతుంది, రెండోది పట్టుతుంది, బండి పక్కకు తిరుగుతుంది. రెండు పక్కలా కొత్తవి వేయాల్సిందే. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదడం కూడా మానాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

చివరగా బ్రేకు లైనులో చేరిన ఎయిర్ తీయడం. ఇద్దరి పని. సీట్లో హెల్పర్, కింద మేస్త్రి. ‘తొక్కు... పట్టు... వదులు.’ మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, బుడగలు ఆగేదాకా. తర్వాత అడ్జస్టర్‌ను చక్రం బిగిసేదాకా తిప్పి, చేత్తో తిరిగేంత వరకు వెనక్కి వదలాలి. ఆ బండిని వెంటనే కోటప్పకొండ ఘాట్ రోడ్డుకు తీసుకుపోకూడదు. ముందు చదును రోడ్డు మీద నడిపి, మళ్లీ డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూడాలి. కొండ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లకు ఏ షూలు వేసినా దండగే. కొత్త షూలు డ్రమ్ముకు ఒదిగాక పెడల్ కొంచెం కిందికి దిగుతుంది కాబట్టి, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మని మేస్త్రి చెప్పి పంపుతాడు. బండి బాగానే ఆగుతోంది కదా అని చాలామంది రారు. వచ్చినా, ‘పనిలో పని, టైమింగు కూడా చూడు భాయ్’ అంటారు.