ఎండకాలంల చూడాలె

మే నెల మూడో వారం, తెల్లవారి ఐదున్నర. పాకాల చెరువు కట్ట మీద మా మేనత్త ముందు నడుస్తోంది, వెనక మేం పదమూడు మందిమి. నీళ్లు బాగా లోపలికి తగ్గాయి. కట్ట లోపలివైపు పేర్చిన రాళ్లు వరసలు వరసలుగా బయటపడ్డాయి. హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చిన మా తమ్ముడి కూతురు ముఖం చిన్నబుచ్చుకుని, "నీళ్లే లేవు కదా అవ్వా, వానలు పడ్డాక వస్తే బాగుండేది" అంది.

అత్తమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"నిండినంక చెరువును ఎవలైనా చూస్తరు బిడ్డా. ఎండకాలంల చూడాలె. యాడ రాయి కదిలింది, యాడ బుంగ పడ్డది అప్పుడే కండ్లవడ్తది."

ఆ మాట అని నాలుగేళ్లయింది. ఏటా మే నెలలో మూడు రోజులు మా కుటుంబమంతా పాకాల ఆయకట్టు కింద ఉన్న అత్తమ్మ ఇంట్లో ఎందుకు చేరుతుందో అంతకంటే బాగా నేను చెప్పలేను. సెలవులంటే ఊటీయో, సముద్రమో అనుకునే పిల్లలకు ఎండిపోతున్న చెరువును చూపించడం ఏమిటని చాలామంది అడుగుతారు. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న ఈ పని గురించి ఈ వారం రాయాలనిపించింది.

మా మూడు రోజులకు ఒక వరస ఉంది. మొదటి రోజు కట్ట, రెండో రోజు కాలువ, మూడో రోజు విస్తరి.

కట్ట నడక చల్లపొద్దుతోనే ముగియాలి, తొమ్మిదింటికల్లా రాయి కాలుతుంది. పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలం నాటిది. ఆయన 1199 నుంచి 1262 వరకు ఏలాడు. గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి, అలల తాకిడికి మట్టి కోసుకుపోకుండా లోపలివైపు రాయి పరిచారు. నీళ్లు పొలాలకు పోవడానికి తూములు, నిండి మిగిలింది కట్టకు చేటు చేయకుండా దాటిపోవడానికి మత్తడి. చెరువంటే ఈ మూడూ సరిగా ఉండడమే. నడుస్తూ పిల్లలకు ఇవన్నీ వేలు పెట్టి చూపిస్తాం. మత్తడి దూకిన నీళ్లు ఎటు పోతాయని ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడుగుతారు. మున్నేరులోకి, ఖమ్మం మీదుగా, కృష్ణలోకి అని చెప్పగానే ఆ వాగు వైపు చూసే చూపే మారిపోతుంది.

చెరువులోకి మాత్రం ఎవరూ దిగరు. పాకాలలో మొసళ్లున్నాయి, చుట్టూ అభయారణ్యం. కట్ట మీద కూర్చుని నీటికాకులు రెక్కలారబెట్టుకోవడం, లకుముకి పిట్ట నిట్టనిలువుగా నీళ్లలోకి దూకడం చూస్తాం. తరవాత పిల్లలకు ఇష్టమైన పని, రాళ్లు లెక్కపెట్టడం. నీళ్లు దిగుతూ దిగుతూ రాళ్ల మీద గీతలు వదిలిపోతాయి. పోయిన ఏడు ఈ రోజుకు నీళ్లు ఏ వరసలో ఉన్నాయి, ఇప్పుడు ఎన్ని వరసలు కిందికి దిగాయి అనేది అత్తమ్మకు నోటికి వచ్చు. ఆ లెక్కే ఆమెకు పంచాంగం. వానాకాలం నాటుకు చెరువు ఎంత నిండాలో, యాసంగికి ఎంత మిగులుతుందో దాన్నిబట్టే అంచనా వేసేది.

రెండో రోజు కాలువ. తూము నుంచి వచ్చే పెద్దకాలువ కాదు, అత్తమ్మ వాళ్ల మడికట్లకు నీరందించే పిల్లకాలువ. ఏడాదిలో అది మట్టితో, తుంగతో పూడుకుపోతుంది. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, అందరం పారలూ తట్టలూ పట్టుకుంటాం. తీసిన మట్టి చెలకల్లోకి పోతుంది. వాన కొట్టుకొచ్చిన మెత్తటి మట్టి, కుళ్లిన ఆకు అలం అందులో కలిసి ఉంటాయి. అది పడిన చెలక పదును ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. చెరువు పూడిక కూడా అంతే. పూడిక తీస్తే చెరువుకు లోతు, పొలానికి బలం. ఈ పనికి ఎండాకాలం ఒక్కటే అదును. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని లెక్క వేసినప్పుడు, తవ్విన పూడికను రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్ల మీద తోలుకుపోవడం ఊరూరా చూశాం. తాతల నాడు ఎడ్లబండ్ల మీద సాగిన పనే అది.

ఈ కాలువ దగ్గరే మా కుటుంబం ఒకసారి బాగుపడింది. తాత పోయిన తరవాత గెట్టు దగ్గర తగాదా వచ్చి మా బాపుకు, చిన్నాయనకు మాటలు పోయాయి. రెండేళ్లు ఒకరింటి గడప ఒకరు తొక్కలేదు. పిల్లల పెళ్లి పత్రికలు మూడో మనిషి చేతికిచ్చి పంపేదాకా వచ్చింది. ఆ ఏడు అత్తమ్మ ఇద్దరికీ కబురు పెట్టింది, ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు. రెండో రోజు పొద్దున కాలువలో బాపు చేతికి పార ఇచ్చింది, చిన్నాయన చేతికి తట్ట ఇచ్చింది. ఇంకేమీ అనలేదు, గట్టు మీద కూర్చుంది.

తవ్విన మట్టి ఎత్తేవాడు లేకుండా తవ్వేవాడి పని సాగదు. మొదటి గంట బాపు మట్టి పోస్తున్నాడు, చిన్నాయన ముఖం పక్కకు తిప్పుకుని మోస్తున్నాడు. తుంగ వేళ్లు గట్టిగా పట్టేసిన చోట పార జారి బాపు కాలి పక్కనే దిగింది. "పైలం అన్నా" అన్నాడు చిన్నాయన. రెండేళ్లలో వాళ్ల మధ్య మొదటి మాట అది. బాపు పార ఆనించుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తరవాత "నువ్వు తవ్వు, నేను మోస్త" అని పార తమ్ముడి చేతికిచ్చాడు. గెట్టు సంగతి ఆ రోజు తేలలేదు, తేలడానికి ఇంకో ఏడాది పట్టింది. కానీ మాట పారింది. నీళ్లు వచ్చే ముందే కాలువ తీయాలని, వచ్చాక తీయడం కుదరదని నాకు అప్పుడే అర్థమైంది. పెళ్లిళ్లలో, పండగల్లో అందరం నిండుగా కనిపిస్తాం. అప్పుడు ఎవరి మనసులో ఏం పూడుకుపోయిందో పైకి తెలియదు. పండగేమీ లేని, వేడుకేమీ లేని ఎండాకాలంలో పక్కపక్కన చెమటోడ్చినప్పుడే తెలుస్తుంది.

మూడో రోజు మామిడి చెట్ల కింద మోదుగ విస్తర్లలో భోజనం. పచ్చిపులుసు, మామిడికాయ పప్పు, మత్స్యకారుల దగ్గర పొద్దున్నే కొన్న కొర్రమీను పులుసు, చివర్న తాటిముంజలు. తిన్నాక అత్తమ్మ తాతల పేర్లు చెప్పిస్తుంది. ప్రతి పిల్లా పిల్లవాడూ నాలుగు తరాల పేర్లు వరసగా చెప్పాలి. ఇది మా అత్తమ్మ కనిపెట్టిన ఆచారం అనుకునేవాణ్ణి. తరవాత బయ్యారం శాసనం గురించి చదివాను. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనం అది. అందులో తన పుట్టింటి వంశక్రమాన్ని చెక్కించింది. కాకతీయుల తొలితరాల చరిత్రకు ఆ రాయి ముఖ్యమైన ఆధారం. తన వాళ్ల పేర్లు చెప్పుకోవడానికి ఒక ఆడబిడ్డ ఎంచుకున్న చోటు చెరువు! మన పెద్దలు సప్తసంతానాలని చెప్పిన ఏడింటిలో కన్నబిడ్డ ఒకటి, తటాకం ఇంకొకటి. రెంటినీ ఒకే మాటతో పిలిచారంటే రెంటికీ ఒకే రకమైన సాకుడు కావాలనే కదా.

లక్నవరంలో వేలాడే వంతెన మీద నడవడం, రామప్ప చెరువులో పడవ ఎక్కడం మా పిల్లలకూ ఇష్టమే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప గుడికి వెళ్లినవాళ్లు పక్కనున్న చెరువునూ చూసి వస్తే సంతోషమే. నేను అడిగేది ఇంకొక్కటి. ఈ సెలవుల్లో ఒక్క రోజైనా మీ ఊరి చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లలతో నడవండి. తూము ఎక్కడుందో, మత్తడి ఎక్కడుందో, శిఖంలో ఎవరి గోడలు లేస్తున్నాయో వాళ్ల కళ్లతో చూడనివ్వండి. చూడని చెరువు కోసం రేపు ఎవరూ నోరు విప్పరు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. యంత్రాలతో మట్టి తవ్విన గుంతలు నీళ్లకింద ఎంత లోతున్నాయో పైనుంచి తెలియదు. ఒడ్డున మోకాలి లోతు, రెండు అడుగులు వేస్తే మనిషి మునిగే లోతు. ప్రతి వేసవిలో చెరువుల్లో పిల్లలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పక్కన ఈత వచ్చిన పెద్దలు లేకుండా పిల్లల్ని ఏ చెరువు దగ్గరికీ పంపకండి.

ఈసారి అత్తమ్మ కట్ట నడవలేకపోయింది. మోకాళ్లు మొరాయించాయి. కట్ట మొదట్లో చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టి మేం ముందుకు పోయాం. ఆమె లేకుండా కట్ట నడవడం అదే మొదలు. ఎవరికీ మాట్లాడబుద్ధి కాలేదు. నాలుగేళ్ల కింద నీళ్లు లేవని చిన్నబుచ్చుకున్న మా తమ్ముడి కూతురే అందరికంటే ముందు నడిచింది. తూము దగ్గర వంగి రాళ్లు లెక్కపెట్టింది, మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. తిరిగి రాగానే పరుగున పోయి అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

"పోయినేటి కంటే రెండు వరసలు కిందికి దిగినయి అవ్వా. తూము పక్కన ఒక రాయి ఊడింది."

"యాడ? ఎడమదిక్కా, కుడిదిక్కా?"

"ఎడమదిక్కు. లోపల మట్టి కూడా కొంచెం జారింది."

అత్తమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుని లేచింది. "నడువు, ఊళ్లె చెప్పి వద్దాం. మిరుగు రాకముందే పెట్టియ్యాలె."