జీతం లేని భుజకీర్తులు

6 నెలలు, 12 నెలలు, 18 నెలలు, 3 ఏళ్లు, 4 ఏళ్లు. కూడి చూడండి, సరిగ్గా 10 ఏళ్లు వస్తుంది. అమెరికాలోని సివిల్ ఎయిర్ పెట్రోల్ అనే స్వచ్ఛంద దళంలో చేరిన మామూలు మనిషి, భుజం మీద ఏ గుర్తూ లేని స్థితి నుంచి లెఫ్టినెంట్ కర్నల్ దాకా ఎదగడానికి పట్టే కనీస కాలం అది. మధ్యలో ఒక్క నెల కూడా పోగొట్టుకోకుండా, ప్రతి కోర్సూ వేళకు ముగించుకుంటూ పోతేనే ఈ లెక్క కుదురుతుంది. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ చేసేవాళ్లకు అంతకంటే ఎక్కువే పడుతుంది. అన్నేళ్లలో జీతమన్న మాట లేదు. పైపెచ్చు ఏటా సభ్యత్వ రుసుము కట్టాలి, యూనిఫాం సొంత డబ్బుతో కొనుక్కోవాలి, సాయంత్రాలు, శనివారాలు వదులుకోవాలి.

డబ్బు ఇవ్వలేని చోట, ఉద్యోగం పోతుందన్న భయం పెట్టలేని చోట, పెద్దవాళ్ల చేత ఏళ్ల తరబడి పని చేయించడం చాలా కష్టమైన విద్య. ఆ విద్యను ఇక్కడ ఒక ర్యాంకుల నిచ్చెనలో పెట్టారు. మంచి వడ్రంగి చేసిన నిచ్చెనను తిప్పి చూసినట్టు, దీని మెట్లు ఎక్కడెక్కడ బిగించారో, బరువు దేని మీద పడుతోందో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఈ దళం పుట్టింది 1941 డిసెంబరు 1న, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడికి సరిగ్గా ఆరు రోజుల ముందు. యుద్ధం వస్తే సొంత విమానాలున్న పౌరులను ఇంట్లో కూర్చోబెట్టకుండా దేశం పనికి వాడుకోవాలని గట్టిగా పట్టుబట్టినవాడు గిల్ రాబ్ విల్సన్. ఒకప్పుడు చర్చిలో ప్రసంగాలు చేసిన మనిషి, అప్పటికి న్యూజెర్సీ రాష్ట్ర విమానయాన డైరెక్టరు. పౌర రక్షణ కార్యాలయానికి అధిపతిగా ఉన్న న్యూయార్క్ మేయర్ లా గార్డియా ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. కొద్ది నెలలకే జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరంలో చమురు ఓడలను ముంచుతుంటే, వయసు మీరినవాళ్లు, సైన్యం వద్దన్నవాళ్లు తమ చిన్న చిన్న విమానాల్లో సముద్రం మీద కాపలా తిరిగారు. 1942 నుంచి 1943 ఆగస్టు ఆఖరు దాకా ఆ కాపలా నడిచింది. ఆ విమానాలకు తరవాత బాంబులు కూడా తగిలించారు. కొందరు తిరిగి రాలేదు. 1948లో ఈ దళం అమెరికా వైమానిక దళానికి అధికారిక అనుబంధ సంస్థ అయింది. ఆ యుద్ధకాలపు సేవకు 2014లో కాంగ్రెస్ గోల్డ్ మెడల్ ఇచ్చారు.

ఇప్పుడు చేసే పనులు మూడు రకాలు. తప్పిపోయిన విమానాలను, మనుషులను వెతకడం, తుపానులూ వరదలూ వచ్చినప్పుడు పైనుంచి ఫొటోలు తీసి ఇవ్వడం లాంటి అత్యవసర సేవలు ఒకటి. 12 ఏళ్లు నిండిన పిల్లలకు క్యాడెట్ శిక్షణ రెండోది. విమానయాన విద్య మూడోది. మనకు ఎన్‌సీసీలో లెక్కల మాస్టారో, ఫిజిక్స్ లెక్చరరో యూనిఫాం తొడుక్కుని ఆఫీసరైపోవడం తెలుసు. ఇక్కడ ఆ తలుపు టీచర్లకే కాదు, ఊళ్లో ప్లంబరుకూ నర్సుకూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ కూడా తెరిచి ఉంటుంది. చేరడానికి అమెరికా పౌరసత్వమే ఉండాలని లేదు, గ్రీన్‌కార్డు చాలు. పిల్లను క్యాడెట్‌గా చేర్పించి, సమావేశం అయ్యేదాకా బయట కారులో ఫోను చూస్తూ కూర్చునే మన తెలుగు తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ తలుపు వాళ్లకోసం కూడా తెరిచే ఉంది.

ముందు ఆ భుజం పట్టీని దగ్గరగా చూద్దాం. చొక్కా భుజం మీద ఉన్న బద్దీలోకి తొడిగే చిన్న గుడ్డ తొడుగు అది. రంగు బూడిద రంగు. దాని మీద ర్యాంకు గుర్తు కుట్టి ఉంటుంది, దాని కింద తెల్ల దారంతో మూడు ఇంగ్లిష్ అక్షరాలు, సీ, ఏ, పీ. సెకండ్ లెఫ్టినెంటుకు ఒక బంగారు రంగు కడ్డీ. ఫస్ట్ లెఫ్టినెంటు అయితే అదే కడ్డీ వెండి రంగుకు మారుతుంది. కెప్టెన్‌కు రెండు వెండి కడ్డీలు. మేజర్‌కు బంగారు రంగు ఓక్ ఆకు, లెఫ్టినెంట్ కర్నల్‌కు వెండి రంగు ఓక్ ఆకు. బంగారం మీద వెండి! నక్షత్రాలూ అశోక సింహాలూ లెక్కపెట్టే మన కళ్లకు ఇది కొంత తికమక. కానీ అమెరికన్ సైన్యం పద్ధతే అది.

ఆ బూడిద రంగుకు అర్థం ఉంది. అసలు వైమానిక దళం ఆఫీసరు ఎవరో, ఈ స్వచ్ఛంద ఆఫీసరు ఎవరో నాలుగడుగుల దూరం నుంచే తెలిసిపోవాలి. యుద్ధ రోజుల్లో ఇదే పనికి ఎర్ర భుజకీర్తులు వాడారు. 1990ల మొదట్లో కొన్నేళ్లు మెరూన్ రంగు నడిచింది, అది సభ్యులకు ఏమాత్రం నచ్చలేదు. ఆ తర్వాత బూడిద రంగు నిలిచింది. ఈ పట్టీ పెట్టుకున్న లెఫ్టినెంట్ కర్నల్‌కు అసలు సైన్యంలోని సిపాయి మీద కూడా ఆజ్ఞాధికారం లేదు. ఆ సిపాయి సెల్యూట్ చేయాలన్న నియమమూ లేదు, చేస్తే మర్యాదకు చేస్తాడు. అంటే పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న గుర్తు దళం గేటు అవతల ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ సంగతి దాచకుండా, భుజం మీదే రంగులో రాసి పెట్టారు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

చేరగానే చేసే మొదటి పని వేలిముద్రలు ఇవ్వడం. పిల్లలతో పనిచేసే చోటు కాబట్టి ఎఫ్‌బీఐ రికార్డులతో సరిచూస్తారు. ఆ తర్వాత, మొత్తం అయిదు అంచెల్లో మొదటి అంచె శిక్షణ: దళం చరిత్ర, విలువలు, భద్రత, క్యాడెట్ల రక్షణ నియమాలు. క్యాడెట్ల రక్షణ పాఠం ప్రాణం పెట్టి తయారు చేసింది. క్యాడెట్ల కార్యక్రమం ఏదైనా సరే పెద్దవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలన్నది అందులో మూలసూత్రం. అది ముగించి, ఆరు నెలలు నిండి, 21 ఏళ్లు వచ్చి ఉంటే సెకండ్ లెఫ్టినెంటు. ఇంతవరకు సులువే. అసలు పనితనం రెండో అంచె దగ్గర మొదలవుతుంది.

అక్కడ మనిషి ఒక పని ఎంచుకోవాలి. స్పెషాలిటీ ట్రాక్ అంటారు. ఆర్థిక లెక్కలు, రేడియో కమ్యూనికేషన్లు, క్యాడెట్ శిక్షణ, పత్రికా సంబంధాలు, చరిత్ర రచన, సామగ్రి నిర్వహణ, న్యాయ వ్యవహారాలు, ఇలా ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కోదానిలో మూడు మెట్లు: టెక్నీషియన్, సీనియర్, మాస్టర్. సామగ్రి చూసే పని తీసుకున్న మనిషినే ఉదాహరణకు చూద్దాం. దళానికి ఊళ్లో ఉండే శాఖ, అంటే స్క్వాడ్రన్, వారానికో సాయంత్రం కలుస్తుంది, ఏ చర్చి హాల్లోనో, స్కూల్లోనో, విమానాశ్రయంలో ఓ షెడ్డులోనో. బీరువాలో రేడియోలు, యాంటెన్నాలు, ప్రథమ చికిత్స సంచులు, పిల్లలకు పొట్టివైపోయాక తిరిగొచ్చిన యూనిఫాంలు. ప్రతి రేడియో వెనకా నంబరు ఉంటుంది, ఆ నంబరు జాబితాలో ఉంటుంది, అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో సంతకంతో సహా ఉండాలి. ఏడాదికోసారి మొత్తం లెక్క తేల్చాలి. మధ్యలో కొత్తగా చేరిన పన్నెండేళ్ల పిల్ల వస్తుంది, చేతులు చాపమని కొలిచి, సరిపోయే చొక్కా వెతికి ఇవ్వాలి. ఆ పిల్ల మొదటిసారి తనని తాను క్యాడెట్ అనుకునేది ఈయన అందించిన ఆ చొక్కా తొడుక్కున్నప్పుడే.

ఆ నెలల తరబడి చాకిరీయే టెక్నీషియన్ రేటింగ్. పరీక్ష రాస్తే చాలదు, స్క్వాడ్రన్‌లో ఆ పని జరిగి ఉండాలి. ఇక్కడే ఈ నిచ్చెన తయారు చేసినవాళ్ల తెలివి కనబడుతుంది. దళానికి ఎలాగూ ఎవరో ఒకరు రేడియోలు లెక్కపెట్టాలి. ఆ పనినే ప్రమోషన్‌కు షరతు చేశారు. ర్యాంకు కోసం చేసే పని వేరు, దళానికి కావలసిన పని వేరు అన్న తేడా లేకుండా పోయింది. ఫస్ట్ లెఫ్టినెంటు, కెప్టెన్ అయ్యే దారి ఈ అంచెలోనే నడుస్తుంది.

మూడో అంచె మేజర్‌కు దారి. సీనియర్ రేటింగ్ రావాలి, ఏదో ఒక బాధ్యతలో కుదురుగా పనిచేసి ఉండాలి, తన ఊరి స్క్వాడ్రన్ దాటి పై అంచెల్లో ఏం జరుగుతుందో నేర్చుకోవాలి. నాలుగో అంచె లెఫ్టినెంట్ కర్నల్‌కు దారి. మాస్టర్ రేటింగ్ కావాలి. ఇక్కడి నుంచి షరతుల దిశ మారిపోతుంది. ఇతరుల కోర్సుల నిర్వహణలో చేయి వేయమంటారు, దళంతో సంబంధం లేని బయటి జనం ముందు నిలబడి మాట్లాడమంటారు. మొదటి అంచెలో నేర్చుకోమన్నారు, రెండో అంచెలో చేయమన్నారు, ఇప్పుడు చెప్పమంటున్నారు. ఇటీవల పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌లోకి వచ్చి పద్ధతి కొంత మారింది, ఈ దిశ మాత్రం మారలేదు.

అంచెలకు పెట్టిన పేర్లు కూడా ఊరికే పెట్టినవి కావు. రెండో అంచె పురస్కారం బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్ పేరిట ఉంది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో నల్లజాతివాడన్న కారణంతో నాలుగేళ్లు తోటివాళ్లు ఆయనతో పని ఉంటే తప్ప నోరు విప్పి మాట్లాడలేదు. 1936లో పట్టా తీసుకుని బయటికొచ్చి, యుద్ధంలో టస్కీగీ వైమానికులను నడిపించాడు, 1954లో అమెరికా వైమానిక దళంలో తొలి నల్లజాతి జనరల్ అయ్యాడు. మూడోది గ్రోవర్ లోనింగ్ పేరిట. రైట్ సోదరుల్లో చిన్నవాడు ఆర్విల్ దగ్గర పనిచేసి, తర్వాత నేల మీదా నీటి మీదా దిగే విమానాలు కట్టిన ఇంజినీరు. నాలుగోది పాల్ గార్బర్‌ది. ఆయన యుద్ధవీరుడు కాడు, మ్యూజియం మనిషి. 1927లో పైలట్ లిండ్‌బర్గ్ విమానంలో అట్లాంటిక్ దాటిన రోజుల్లోనే ఆ విమానం మాకివ్వమని స్మిత్సోనియన్ మ్యూజియం తరఫున తంతి వెళ్లేలా చేసినవాడు. గాలిపటాలంటే ఆయనకు ప్రాణం. యుద్ధంలో నౌకాదళం ఫిరంగి గురి నేర్చుకోవడానికి గాలిపటాన్నే లక్ష్యంగా తయారు చేసి ఇచ్చాడు. బయటి జనానికి విమానయానం గురించి చెప్పాలన్న షరతు పక్కన ఈయన పేరు ఎంత అతికినట్టుందో!

ఇంకో కీలు చూడాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఈ దళంలో ర్యాంకు వేరు, పదవి వేరు. స్క్వాడ్రన్ కమాండర్ కెప్టెన్ అయి ఉండొచ్చు, ఆయన కింద డబ్బు లెక్కలు రాసే మనిషి లెఫ్టినెంట్ కర్నల్ కావొచ్చు. నిర్ణయం కెప్టెన్‌దే, లెఫ్టినెంట్ కర్నల్ పాటించాలి. వృత్తి సైన్యంలో ఇది ఊహించడమే కష్టం. ఇక్కడ అది రోజువారీ సంగతి. ర్యాంకు ఇంతకాలం ఇంత పని చేశాడని చెబుతుంది. పదవి ఇప్పుడు ఎవరి మాట వినాలో చెబుతుంది. రెండిటినీ ముడిపెట్టి ఉంటే, పైకెళ్లినవాళ్లంతా కుర్చీల కోసం పోట్లాడుకునేవారు, కుర్చీ దిగినవాళ్లు ఇంటికి పోయేవారు. విడదీయడం వల్ల అనుభవం గల పెద్దలు గదిలోనే మిగిలారు. రాష్ట్రమంతటికీ అధిపతిగా, అంటే అక్కడి వింగ్‌కు కమాండర్‌గా పనిచేసి కర్నల్ హోదా పొందినవాళ్లు, పదవీకాలం అయ్యాక మళ్లీ చిన్న పనులు అందుకోవడం కూడా ఉంది.

పక్కదారులూ లేకపోలేదు. సైన్యంలో ఆఫీసర్లుగా చేసి వచ్చినవాళ్లకు, డాక్టర్లు, లాయర్ల వంటి వృత్తుల వాళ్లకు, పైలట్లకు కొన్ని మెట్లు దాటించి ర్యాంకు ఇవ్వవచ్చు. చిన్నప్పుడు క్యాడెట్‌గా ఉండి అత్యున్నత స్పాట్జ్ పురస్కారం గెలిచినవాళ్లు 21 ఏళ్లకు నేరుగా కెప్టెన్ కావచ్చు. క్యాడెట్ల దారి న్యాయమే, ఆ పిల్లలు ఏళ్ల తరబడి చెమటోడ్చి సంపాదించుకున్నది అది. మిగతావాటి విషయంలో నాకు మనసు పూర్తిగా ఒప్పదు. లాయరు బాగా చదువుకున్నవాడే, కానీ బీరువాలో రేడియోలు లెక్కపెట్టిన నెలలు అతని భుజం మీద లేవు. దళానికి లాయరు అవసరం, పైలట్ అవసరం, అందుకే ఆ దారి పెట్టారు. మంచి సంగతేమిటంటే, అలా వచ్చినవాళ్లు అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే చాలావరకు మామూలు మెట్లే ఎక్కాలి.

ఇక ఐదో అంచె. దాని పేరు గిల్ రాబ్ విల్సన్ పురస్కారం, దళాన్ని కలగన్న మనిషి పేరే. జాతీయ స్థాయి కోర్సు చదవాలి, ఏళ్ల తరబడి నాయకత్వ బాధ్యతలు మోసి ఉండాలి, ఇతరులకు కోర్సులు నడిపి, కొత్తవాళ్లను చేయిపట్టి పైకి తెచ్చి ఉండాలి. అయిదు అంచెల్లో ఇదే బరువైనది. దీనికి ర్యాంకు లేదు. లెఫ్టినెంట్ కర్నల్ నాలుగో అంచెతోనే వచ్చేసింది, ఐదో అంచె పూర్తి చేసినా భుజం మీద ఆకు మారదు. ఒక రిబ్బన్, ఒక ప్రశంసాపత్రం, అంతే. ప్రమోషన్ల నిచ్చెన కట్టిన మనుషులు దాని చివరి మెట్టుకు ప్రమోషన్ పెట్టకపోవడం నాకు ఈ పనిలోకెల్లా గొప్ప పనితనంగా తోస్తుంది. అక్కడిదాకా వచ్చినవాడికి పై గుర్తు కోసం చేయడం ఎప్పుడో అలవాటు తప్పిపోయి ఉంటుందని వాళ్లకు తెలుసు.

మీరుండే చోట స్క్వాడ్రన్ ఉంటే ఓ సాయంత్రం వెళ్లి చూడండి, చూడ్డానికి వచ్చేవాళ్లను వద్దనరు. ఐదో అంచె పూర్తి చేసినవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఉంటే, వేదిక మీద కంటే వెనక బల్ల దగ్గర, కొత్తగా చేరినవాళ్లకు వేలిముద్రల కాగితం ఎలా నింపాలో చూపిస్తూ కనబడే అవకాశమే ఎక్కువ.