రెండు లక్షల బైనాక్యులర్ డుంబ్రిగుడలో ఏమి చూపుతుంది?

అరకులోయను ఆనుకొని, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న డుంబ్రిగుడ ప్రాంతం పక్షులను చూడదలచినవారికీ, నక్షత్రాలను చూడదలచినవారికీ సమానంగా అనువైన చోటు. పగలు సిల్వర్ ఓక్ చెట్ల నీడలోని కాఫీ తోటలు, వాగుల ఒడ్డు పొదలు, చాపరాయి వద్ద బండలమీదుగా జారే నీరు. రాత్రి అయితే విశాఖపట్టణపు దీపకాంతి చేరని నల్లని ఆకాశం. ఈ రెండింటికీ ఉమ్మడిగా పనికివచ్చే సాధనం ఒక్కటే, బైనాక్యులర్. అందువలన ఇక్కడి ఉపాధ్యాయులలో ఈ ప్రశ్న తరచు తలఎత్తడం సహజం: జైస్, లైకా, స్వరోవ్‌స్కీ వంటి సంస్థల ఉత్తమశ్రేణి బైనాక్యులర్ వెల నేడు రెండు లక్షల రూపాయలు దాటుతున్నది, నికాన్ వంటి జపాన్ సంస్థల సాధారణ రకం పదివేల ప్రాంతంలో దొరుకుతున్నది. ఇరవై రెట్లు ధర పెడితే ఇరవై రెట్లు కనబడుతుందా?

కనబడదు. అయితే ఖరీదైన సాధనమంతా వట్టి ఆడంబరమని తోసివేయడం కూడా శాస్త్రీయం కాదు. ఆ అదనపు సొమ్ముకు ఏమి వస్తున్నదో, అది ఈ కొండలలో ఎవరికి అక్కరకు వస్తుందో విడదీసి చూడవలసి ఉన్నది.

బైనాక్యులర్‌పై 8x42 అనో 10x50 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడుతుందో చెబుతుంది. రెండవది ముందువైపు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే మరొక ముఖ్యమైన కొలత లభిస్తుంది. బైనాక్యులర్‌ను చేతులు చాచి పట్టుకొని ఆకాశం వైపు తిప్పితే, కంటి వైపు కటకంలో గుండ్రని వెలుగు బిళ్ళ ఒకటి కనబడుతుంది. దాని వ్యాసమే ఈ భాగఫలం. 8x42కు అది సుమారు 5.25 మిల్లీమీటర్లు, 10x50కి 5, 7x50కి 7.1, జేబులో పట్టే 10x25కు 2.5 మాత్రమే. పట్టపగలు మనిషి కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొని ఉంటుంది గనుక ఆ సమయంలో చిన్న బైనాక్యులర్ కూడా పెద్దదానంత ప్రకాశవంతంగానే చూపుతుంది. చీకటిలో పదిహేనేళ్ళ విద్యార్థి కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. యాభై ఏళ్ళవారికి సాధారణంగా 5 దాటడం కష్టం. అంటే 7x50లో వచ్చే వెలుగంతా శిష్యుని కంటిలోకి పోతుంది, గురువుగారి కంటిలోకి కొంతే పోతుంది! ఎంత ధర పెట్టినా ఈ తేడా మారదు.

ధర మార్చగలిగిన విషయాలలో మొదటిది గాజుమీది పూత. ఏ పూతా లేని గాజు తలంపై పడిన కాంతిలో సుమారు 4 శాతం వెనుకకు పరావర్తనం చెందుతుంది. బైనాక్యులర్‌లోని ఒక గొట్టంలో కాంతి గాలినుంచి గాజులోనికి, గాజునుంచి గాలిలోనికి పదిసార్లయినా దాటవలసి ఉంటుంది. 0.96ను పదిసార్లు గుణించి చూస్తే 0.66 వస్తుంది. మూడింట ఒకవంతు వెలుగు దారిలోనే పోయినట్లు లెక్క. పోయిన కాంతి ఊరక పోదు, లోపల అటూ ఇటూ పరావర్తనం చెంది దృశ్యంపై పలుచని తెల్లని పొరవలె వ్యాపిస్తుంది. 1935లో జైస్ సంస్థలో పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకూలా పరావర్తనాన్ని తగ్గించే పలుచని పూతను కనిపెట్టాడు. ఒకే పొర పూతతో నష్టం తలానికి ఒకటిన్నర శాతానికి, అనేక పొరల పూతతో అర శాతానికి, అంతకన్న తక్కువకు దిగుతుంది. అప్పుడు పది తలాలు దాటిన కాంతి 95 శాతం వరకు మిగులుతుంది; పట్టకాలలో పోయేది దీనికి అదనం.

చెప్పుకోదగిన సంగతి ఏమంటే, ఒకనాడు ఖరీదైన సాధనాలకే పరిమితమైన ఈ పూతలు నేడు పదివేల బైనాక్యులర్‌లోకి కూడా దిగివచ్చాయి. పైకప్పు ఆకారపు పట్టకాలున్న నిటారు గొట్టాల బైనాక్యులర్ విషయమూ ఇంతే. అందులో కాంతి రెండు సగాలుగా చీలి, తిరిగి కలిసేటప్పుడు తరంగాల దశ కుదరక సూక్ష్మవివరం మసకబారేది. జైస్ సంస్థ 1988లో దశను సరిచేసే పూతను ప్రవేశపెట్టింది. ఇప్పుడది మధ్యతరగతి ధరలో కూడా లభిస్తుంది. ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందిన పట్టకాల అమరికకు, అంటే ముందు గొట్టాలు ఎడంగా ఉండే పాతకాలపు ఆకృతికి, ఈ పూత అవసరమే లేదు. అందుకే తక్కువ ధరలో కొనేటప్పుడు సొగసైన నిటారు గొట్టాలకన్న ఆ పాత ఆకృతే తరచు మెరుగైన దృశ్యాన్నిస్తుంది.

మరి రెండు లక్షలకు మిగిలిందేమిటి? దృశ్యం అంచుల వరకు ఒకే స్పష్టత, రంగుల అంచు దాదాపు లేకపోవడం, రెండు మీటర్ల దగ్గరి వస్తువును కూడా చూపగలగడం, కళ్ళద్దాలు తీయకుండానే పూర్తి దృశ్యం కనబడడం, గంటల తరబడి చూచినా కన్ను అలసిపోకపోవడం. ఇవి చిన్న విషయాలు కావు. శీతకాలంలో ఈ కొండలకు వలసవచ్చే గ్రీనిష్ వార్బ్లర్ అనే పిట్ట పొడవు పది సెంటీమీటర్లు, బరువు పది గ్రాములు లేదు. చూడడానికి ఆకుపచ్చ ఆకులలో మరొక ఆకు. దానిని, దానివంటి ఇతర వార్బ్లర్లను వేరుచేయడానికి చూసే గుర్తులలో ఒకటి రెక్కపై పాలిపోయిన సన్నని గీత. అది తెల్లని ఆకాశాన్ని నేపథ్యంగా చేసుకొని కొమ్మ చివర కూర్చున్నప్పుడు, సాధారణ గాజు దాని చుట్టూ ఊదా, పచ్చ రంగుల అంచు కట్టి ఆ గీతనే మింగివేస్తుంది. మంచి గాజు గీతను గీతగా చూపుతుంది. రోజూ తెల్లవారుజామున పక్షులను లెక్కించేవారికి, నమోదుచేసేవారికి ఇది నిజమైన ఉపకారం.

అయితే ఈ ఉపకారానికీ హద్దు ఉన్నది. తూర్పు కనుమల పక్షులపై వెర్నే శాస్త్రీయ సర్వే నివేదికలు 1930లలో వెలువడ్డాయి. హుమాయూన్ అబ్దులాలీ విశాఖపట్టణం జిల్లా పక్షులపై 1945లో రాశారు. డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్, విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి విశాఖ కనుమల పక్షులను వివరించిన వ్యాసాలు 1987–88లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. వీరి కృషిలో బయటపడ్డ ఒక ఆసక్తికరమైన పక్షి అబ్బట్ బాబ్లర్. హిమాలయాల దిగువ అడవులలోను, ఆగ్నేయాసియాలోను నివసించే ఈ పిట్టకు తూర్పు కనుమలలో విడిపోయిన ఒక చిన్న గుంపు ఉన్నదని తేలింది. దానిని ప్రత్యేక ఉపజాతిగా 1985లో వర్ణించి కృష్ణరాజు పేరు పెట్టారు. ఈ పిట్ట మట్టిరంగులో ఉంటుంది, నేలను అంటిన పొదల చీకటిలో తిరుగుతుంది, బయటికి రాదు. దాని ఉనికిని ముందుగా చెప్పేది కూత. ఉపజాతిని నిర్ణయించింది చేతిలోకి తీసుకొని కొలిచిన నమూనా. రెండు లక్షల బైనాక్యులర్ ఆ పొద నీడలో కొంత ఎక్కువ వెలుగు చూపవచ్చు. ఏ పొదవైపు తిప్పాలో మాత్రం చెప్పదు. అది చెప్పేది చెవి. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాటలాడే పిల్లలు తమ భాషలో ఒక పిట్టకు ఏ పేరు పెట్టుకున్నారో పక్షుల పుస్తకంలో పక్కన రాయించడం ఉపాధ్యాయునికి ఖర్చులేని పరిశోధన.

ఇక నక్షత్రాల విషయంలో లెక్క మరింత నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. నక్షత్రం ఎంత మసకదైనా కనబడాలంటే వెలుగు పోగుచేయాలి. వెలుగు కటకపు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఖరీదైన 8x42 తనలోకి వచ్చిన కాంతిలో 90 శాతం కంటికి చేరుస్తుందనుకొంటే, 42ను 42తోను, దానిని 0.90తోను గుణించగా సుమారు 1588 వస్తుంది. సాధారణ 10x50 కేవలం 80 శాతమే చేర్చినా, 50ని 50తోను, 0.80తోను గుణించగా 2000 వస్తుంది. పదివేల సాధనం రెండు లక్షల సాధనంకన్న నాలుగోవంతు ఎక్కువ వెలుగు ఇస్తున్నదన్నమాట. విశాఖపట్టణంలోనే ఎ.వి. నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని 6 అంగుళాల దుర్భిణితో పరిశీలించారు. ఆకాశాన్ని చదవడానికి గాజు నాణ్యతతోపాటు గాజు వెడల్పు కూడా కావాలని ఆనాటివారికి బాగా తెలుసు.

అంచుల వద్ద మాత్రం ఖరీదైనదే గెలుస్తుంది. సాధారణ బైనాక్యులర్‌లో నడుమ చుక్కగా ఉన్న నక్షత్రం అంచుకు జరిగేసరికి చిన్న పక్షి రెక్కలవలె సాగిపోతుంది. నక్షత్రాలను నడుమకు తెచ్చుకొని చూస్తే ఇది పెద్ద అడ్డంకి కాదు. అసలు అడ్డంకి చేతి వణుకు. పది రెట్లు పెంచే సాధనం వణుకును కూడా పది రెట్లు పెంచుతుంది. చేతిలో పట్టుకొన్న ఖరీదైన బైనాక్యులర్‌లో గురుగ్రహపు చంద్రులు గీతలుగా అల్లాడితే, ముక్కాలిపై బిగించిన సాధారణ 10x50లో అవే చుక్కలుగా నిలుస్తాయి. చాలా 10x50లలో రెండు గొట్టాల మధ్య కీలు ముందు ఒక చిన్న మూత ఉంటుంది. అది తీస్తే ముక్కాలి అమరికకు మరసంధి కనబడుతుంది. ముక్కాలి లేనిచోట పంగలకర్ర కట్టిన వెదురు గడ నేలలో పాతి, దానిపై ఆనించినా సగం వణుకు పోతుంది. ఆ ఏర్పాటుతో నవంబరు రాత్రి 9 గంటల వేళ ఉత్తరాన ఎత్తుగా ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చగా కనబడుతుంది. ఆ కాంతి బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరాలయింది. కృత్తికలు ఆరేడు కాక డజన్లుగా విచ్చుకుంటాయి. మే నెల చివర దక్షిణాన, క్షితిజానికి 24 డిగ్రీల ఎత్తున, ఒమేగా సెంటారీ గుచ్ఛం ఉత్తర భారతంవారికన్న ఇక్కడివారికి సులభంగా దొరుకుతుంది. పగటిపూట ఈ సాధనాలను సూర్యునివైపు తిప్పరాదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. క్షణంలో చూపు పోవచ్చు.

ఇంతవరకు తూకం చౌక సాధనం వైపే మొగ్గింది. కాని డుంబ్రిగుడలో ఒక ప్రతికక్షి ఉన్నది: తేమ. వానకాలం నెలల తరబడి కురుస్తుంది, శీతకాలం ఉదయాలు పొగమంచులో మునుగుతాయి. పాత ఆకృతి బైనాక్యులర్‌లో చక్రం తిప్పినప్పుడల్లా కంటి కటకాలు ముందుకూ వెనుకకూ జరిగి బయటి తడిగాలిని లోపలికి పీలుస్తాయి. ఆ తేమపై బూజు సాలెగూడువలె అల్లుకొని పూతను తినివేస్తుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం రక్షణ అనుకొంటారు. తోలే తేమను పట్టి ఉంచుతుంది. నత్రజని నింపి, రబ్బరు వలయాలతో మూసిన బైనాక్యులర్‌కు ఈ బాధ చాలా తక్కువ. ఈ కొండలలో సామాన్యుడు అదనపు సొమ్ము పెట్టడానికి న్యాయమైన కారణం ఏదైనా ఉంటే ఇదే. అయితే ఇందుకు రెండు లక్షలు అక్కరలేదు. పదిహేను, ఇరవై వేల ధరలోనే మూసిన రకాలు వస్తున్నాయి. అదీ కుదరకపోతే, గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ గుళికల సంచితోపాటు ఉంచితే చౌకది కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గుళికల రంగు మారినప్పుడు వేడిచేసి తేమ పోగొట్టవచ్చు, వంటపాత్రలో మాత్రం కాదు.

ఒక ఉన్నత పాఠశాలలో తరగతికి నలభై మంది, పీరియడు 45 నిమిషాలు. రెండు లక్షలు నిజంగానే చేతికి వస్తే ఒక ఉత్తమ బైనాక్యులర్ కొనవచ్చు. అప్పుడు ఒక్కొక్కరికి దక్కేది ఒక నిమిషం. ఆ నిమిషంలో పిల్లవాడు కళ్ళకు సరిచేసుకొనేసరికి పిట్ట ఎగిరిపోతుంది. అదే సొమ్ముతో పదివేలవి ఇరవై కొంటే ఇద్దరికి ఒకటి వస్తుంది, ప్రతివాడికీ ఇరవై నిమిషాలకు పైగా దక్కుతుంది. పక్షిని గుర్తించడం వచ్చేది దానిని తిరిగి తిరిగి, తీరికగా చూడడం వలన. చేతికి 30 వేలే వస్తే రెండు 8x42లు, నక్షత్రాలకు ఒక 10x50 కొనడం మేలు. అడవిలో ఏళ్ళ తరబడి పనిచేయబోయే పరిశోధకునికి ఖరీదైన సాధనం తగును, పాఠశాలకు తగదు.

తక్కువ ధర అనగానే ఏదైనా సరేననడం మరొక పొరపాటు. యాత్రాస్థలాలలో, వీధి అంగళ్ళలో అమ్మే ఎర్రగా మెరిసే కటకాల బైనాక్యులర్ ఎర్రని కాంతిని బయటికే తిప్పిపంపి దృశ్యాన్ని పచ్చగా మారుస్తుంది. 60x60 వంటి అంకెలు వేసినవానిని నమ్మనక్కరలేదు. అంత పెంచితే చేతిలో పట్టి చూడడం ఎవరివల్లా కాదు. కొనేముందు వెలుగు బిళ్ళ నిండు గుండ్రంగా ఉన్నదో, అంచులు కోసినట్లున్నదో చూడాలి. దూరపు విద్యుత్ స్తంభాన్ని చూస్తూ బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ళకు దూరం జరిపితే రెండు కళ్ళ దృశ్యాలలో ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పుకోరాదు. ఆ రాత్రే ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చూడాలి. అది ఒకటిగా కాక రెండుగా కనబడినా, ఒకటిగా చేయడానికి కన్ను లాగినట్లు నొప్పిపుట్టినా గొట్టాలు సమాంతరంగా లేవని అర్థం. అటువంటిదానిని మరునాడే అంగడికి తిరిగి ఇచ్చివేయాలి. ఆ షరతుకు ఒప్పుకోని అంగడిలో కొనరాదు.