డీర్ ఐలాండ్ పనితనం

బోస్టన్‌లో విమానం దిగబోయే ముందు కిటికీలోంచి చూస్తే, సముద్రపు ఒడ్డున కోడిగుడ్లను నిలబెట్టినట్టుండే 12 కట్టడాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి దాదాపు 14 అంతస్తుల మేడంత ఎత్తు. అదే డీర్ ఐలాండ్ మురుగునీటి శుద్ధి కేంద్రం. బోస్టన్‌తో కలిపి 43 ఊళ్ల మురుగు అక్కడికే చేరుతుంది.

ఆ గుడ్లలో జరిగేది మన గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదే. గాలి తగలని చోట సూక్ష్మజీవులు మడ్డిని తిని మీథేన్ వదులుతాయి. మరి గుడ్డు ఆకారమెందుకు? చదునైన తొట్టిలో అడుగున ఇసుక మేటవేస్తుంది, పైన తెట్టు కడుతుంది. అప్పుడప్పుడూ ఖాళీ చేసి తవ్విపోయాల్సిందే. గుడ్డుకు మూలల్లేవు. అడుగు సన్నం కాబట్టి ఇసుక మేటవేయదు, పైన సన్నం కాబట్టి తెట్టు పరుచుకోదు. వచ్చిన గ్యాసుతో కేంద్రానికి వేడి, కొంత కరెంటు. మిగిలిన మడ్డి ఎండి, గుళికలై, ఎరువుగా వెళుతుంది.

నన్ను ఎక్కువ కట్టిపడేసింది మాత్రం కంటికి కనిపించని పని. శుద్ధి చేసిన నీటిని ఒడ్డునే వదలకుండా, సముద్రగర్భంలోని రాతిని తొలిచి 15 కిలోమీటర్ల సొరంగం వేశారు. అడ్డకొలత 24 అడుగులు. దాని చివరి రెండు కిలోమీటర్లలో 55 నిలువు గొట్టాలు సముద్రపు నేలమీదికి లేస్తాయి. ఒక్కో గొట్టం కొసన పుట్టగొడుగు లాంటి మూత, దాని చుట్టూ రంధ్రాలు. మంచినీళ్లు ఉప్పునీటికన్నా తేలిక కదా! రంధ్రంలోంచి చిమ్మిన ధార పైకి లేస్తూ చుట్టూ ఉన్న సముద్రాన్ని తనలో కలుపుకుంటుంది. వేసవిలో పైపొర వెచ్చబడినప్పుడైతే ఆ ధార పైకి తేలనే తేలదు. ఇంత నీటినీ అంత దూరం నెట్టుకుపోయేది గురుత్వాకర్షణే.

ఈ సొరంగం ప్రాణాలు కూడా తీసుకుంది. 1999 జులైలో గొట్టాల అడుగున బిగించిన బిరడాలు తీయడానికి గాలిలేని ఆ చీకట్లోకి వెళ్లిన ఐదుగురు డైవర్లలో ఇద్దరు, శ్వాస పరికరం పనిచేయక చనిపోయారు. 2000 సెప్టెంబరులో నీరు వదిలారు.

దీనంతటికీ మొదలు ఒక పురపాలిక. 1982లో బోస్టన్ పక్కనున్న క్విన్సీ నగర న్యాయవాది విలియం గోల్డెన్ తమ ఊరి బీచ్‌లో పరుగెడుతుంటే కాళ్ల కింద మురుగు తగిలింది. ఆ ఏడాదే క్విన్సీ కోర్టుకెక్కింది. తర్వాత ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ మజోన్ గడువులు పెట్టి, ఏళ్ల తరబడి లెక్క అడుగుతూ పని చేయించారు. 1991 చివర మడ్డిని బోస్టన్ రేవులో కలపడం ఆగింది. మొత్తం ఖర్చు దాదాపు 380 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా ఆ 43 ఊళ్ల జనం నీటి బిల్లుల్లోనే కట్టారు.

కట్టి వదిలేయలేదు, అదే నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. గొట్టాల దగ్గరి నీటిని, అడుగు బురదను, చేపలను ఏటా పరీక్షిస్తారు. ఒక్కోదానికి ముందే హద్దు రాసిపెట్టుకున్నారు, దాటితే జనానికి చెప్పి తీరాలి. 1980ల్లో ఆ రేవులో పట్టిన ఫ్లౌండర్ చేపల కాలేయాల్లో గడ్డలుండేవి. ఇటీవలి ఏళ్ల పరీక్షల్లో అవి కనబడటం లేదు.

డీర్ ఐలాండ్ పేరుకే ద్వీపం. 1938 తుఫానుకు నడిమి పాయ పూడిపోయి ఒడ్డుతో కలిసింది. అక్కడ ఎవరైనా తిరగ్గలిగే నడకదారి ఉంది. పిల్లల దగ్గరికి బోస్టన్ వెళ్లే తల్లిదండ్రులూ, అక్కడే ఉంటున్నవాళ్లూ ఒక సాయంత్రం ఆ గుడ్ల పక్కన నడిచి రండి.